రెండో ప్లేటు

ఆ చలికాలం మేము మూడుసార్లు గుట్టకు బయలుదేరాం. మూడుసార్లూ సూర్యోదయం మాకు దక్కలేదు. మొదటిసారి మంచు అడ్డం వచ్చింది. రెండోసారి మిలిటరీవాళ్లు. మూడోసారి అడ్డం వచ్చింది నేనే.

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది అది, నలభై ఎనిమిది డిసెంబరు. సూర్యాపేటలో మా వారికి ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియో అంటే వీధి గదిలో ఒక రంగుల తెర, రెండు కుర్చీలు, దాని వెనక కిటికీకి మేకులు కొట్టేసిన చీకటి గది. ఆయన పేరు కైలాసం. ఆయన అన్న నాగేశ్వర్ రావు గారికి మిర్యాలగూడలో రైసు మిల్లు ఉంది. మిల్లు కాదనుకుని కెమెరా పట్టుకున్న తమ్ముడి సంగతి బావగారు మా పెళ్లిచూపుల్లోనే మావాళ్లకు చెప్పారట, తర్వాత తననెవరూ నిందించకూడదని. పెళ్లయిన ఏడాదిలోపే నాకు ఆ పనంతా వచ్చేసింది. ఆయన తీసేవారు. ఫోటో పడిన గాజు ప్లేటు కడగడం, ఎండలో ఫ్రేము పెట్టి కాగితం మీదికి బొమ్మ దింపడం, అది చెరిగిపోకుండా హైపో మందు నీళ్లలో వేసి నిలబెట్టడం, దండెం మీద ఆరేయడం నా వంతు. నా కుడిచేతి గోళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి.

దసరా దాటాక మిలిటరీ క్యాంపు నుంచి పిలుపులు మొదలయ్యాయి. పల్లెల్లో, అడవుల్లో కాల్చినవాళ్లను తెచ్చి క్యాంపు వెనక పడుకోబెట్టేవారు. పేరు తెలియనివాళ్ల మొహాలను ఫోటో తీయాలి. ఆ ఫోటోలు పట్టుకుని ఊరూరా తిరిగి, ఏ ఇంటివాడో కనుక్కుంటారు. తెలిస్తే ఆ ఇంటికి కష్టమే. అందుకని ఎవరూ ఇతడు మావాడని చెప్పరు. మా వారు రానని ఎలా అంటారు? జీపు గుమ్మంలోకే వచ్చేది. వెళ్లి, తీసి, వచ్చి, స్నానం చేసి, ఏమీ మాట్లాడకుండా పడుకునేవారు. ఆ మొహాలను నీళ్లలో కడిగేది నేను. నేను అన్నం వండే చోటికీ అవి ఆరే చోటికీ మధ్య ఒక్కటే గోడ.

ప్లేటు పగిలితే మళ్లీ ఆ మనిషిని ఎక్కడ తెస్తామని, ఆయన ఒక్కొక్కరికి రెండు ప్లేట్లు తీసేవారు. మంచిది క్యాంపుకు పోయేది. రెండోది పగలగొట్టేయాలి. పగలగొట్టేవారు కాదు. మంచం కింద చెక్కపెట్టెలో, మధ్యలో కాగితం పెట్టి సర్దేవారు. ఎందుకు ఉంచుతున్నారని ఒకసారి అడిగితే, తర్వాత చూద్దాంలే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఏదడిగినా తర్వాతే.

అలాంటి రోజుల్లో కోదాడ నుంచి మా మేనమామ వచ్చి ఒక సంగతి చెప్పాడు. బెజవాడలో ఆయనకు తెలిసిన ప్రెస్సువాళ్లు ఉగాదికి క్యాలెండరు వేస్తున్నారు. ఏటేటా రంగుల్లో గీయించిన బొమ్మలే వేసి విసుగొచ్చి, ఈసారి కొండ మీద సూర్యోదయం నిజం ఫోటో కావాలంటున్నారు. నచ్చితే తీసినవాణ్ణి ప్రెస్సులోనే పనికి పెట్టుకుంటారు. జనవరి ఆఖరుకల్లా పంపాలి.

మా వారు విని ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. బెజవాడ వెళ్లిపోతే ఈ జీపు రాదు, ఈ మొహాలు రావు. ఎవరికి చెప్పి వెళ్లాలన్నా ఒక కారణం కావాలి, ఇంతకంటే మంచి కారణం దొరకదు. నాలుగు రోజులు వెంటపడితే, సరే పోదాం అన్నారు. చివ్వెంల దాటాక ఒక గుట్ట ఉంది, దాని మీది నుంచి తూర్పంతా మైదానమే అని చెప్పింది బండి సైదయ్య. ఆయన ఊరు చివ్వెంలే.

మొదటిసారి తెల్లవారుజామున నాలుగింటికి సైదయ్య బండిలో బయలుదేరాం. కెమెరా పెట్టె నా ఒళ్లో, మూడుకాళ్ల స్టాండు గోనెగుడ్డలో చుట్టి పక్కన. గుట్ట కింద బండి ఆపి నడిచాం. బండల మీద మంచు పడి పాదం జారుతోంది. పైకి చేరి స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డ కప్పి, తూర్పుకు తిరిగి నిలుచున్నాం. ఎంతసేపు నిలుచున్నా తూర్పు ఎటో తెలియలేదు. పాలు ఒలకబోసినట్టు మంచు. పక్కనున్న ఆయన మొహమే సరిగ్గా కనబడటం లేదు. ఎనిమిది దాటాక నెత్తి మీద ఒక పలుచటి వెలుతురు మచ్చ కనబడింది. అదే సూర్యుడు.

సామాను సర్దుతుంటే ఒక ముసలామె పైకి వచ్చింది. చేతిలో కొడవలి, నడుముకు తాడు. కింద గుడిసెలో ఉంటుందట, పేరు జంగమ్మ. ఇంటి కప్పుకు గడ్డి కోసుకోవడానికి వచ్చింది. కెమెరాను ఎగాదిగా చూసింది. తర్వాత మా వారిని అడిగింది.

“సూర్యాపేటల సచ్చినోళ్ల ఫోటువలు తీసేది నువ్వేనా సేటు?”

“నేను గాదు,” అన్నారాయన. “నేను పెండ్లిళ్లయి తీస్త.”

ఆమె తల ఊపి గడ్డి కోతలో పడింది. ఆయన స్టాండు భుజాన వేసుకుని గబగబా దిగిపోయారు. బండిలో నేను ఊరుకోలేకపోయాను. ముసలామె ఏదో అడుగుతుంటే అబద్ధమెందుకు చెప్పాలి, ఆమె ఎవరికోసం అడుగుతోందో కనుక్కోవచ్చుగా అన్నాను. ఆయన సైదయ్య వీపు వైపు చూపించి, మాట్లాడకు అన్నట్టు చెయ్యి ఊపారు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట ఎత్తనివ్వలేదు. ఒక ప్లేటు కూడా వాడకుండానే ఆ రోజు గడిచిపోయింది.

రెండోసారి వెళ్లేటప్పటికి జనవరి వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆకాశం కడిగినట్టు ఉంది, గాలి లేదు. ఈసారి తప్పదనుకున్నాను. చివ్వెంల పొలిమేరలో లాంతర్లు అడ్డం వచ్చాయి. నలుగురు జవాన్లు, ఒక జమేదారు. మా వారు క్యాంపు చీటీ తీసి చూపించారు. ఆ చీటీ మీద సంతకం పెట్టిన ఆఫీసరు పోయిన వారమే బదిలీ అయ్యాడట, అది చెల్లదన్నారు. మమ్మల్ని బండిలోంచి దింపారు. గోనెగుడ్డ విప్పించారు. స్టాండు కాళ్లను చూసి తుపాకులనుకున్నారు కాబోలు, ఒక్కొక్క కాలు పట్టుకుని గొట్టంలోకి చూసినట్టు చూశారు. అవి చెక్క కాళ్లు, లోపల గొట్టమే లేదు. కెమెరా పెట్టెలో ఏముందని అడిగారు. పొద్దుపొడుపు ఫోటో తీయడానికి పోతున్నామని ఆయన ఉర్దూలో చెబితే, జమేదారు నవ్వాడు. పొద్దు రోజూ పొడుస్తుంది, దానికి ఫోటో ఎందుకు, నిజం చెప్పమన్నాడు.

అక్కడే, బాట పక్కన, ముగ్గుర్నీ వరసగా నిలబెట్టారు. మా కళ్లెదుటే తూర్పు ఎర్రబడింది. గుట్ట నల్లగా, దాని అంచు వెంబడి సన్నటి బంగారు గీత. తర్వాత రెండు బండల మధ్య నుంచి సూర్యుడు పైకి వచ్చాడు. మబ్బు తునక లేదు. అంత చక్కటి సూర్యోదయం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. కెమెరా మాకు పది అడుగుల దూరంలో, ఒక జవాను కాళ్ల దగ్గర ఉంది. నాకు ఏడుపొచ్చింది. చలికి అనుకుని సైదయ్య తన కంబళి తీసి నా భుజాల మీద వేశాడు.

తొమ్మిదింటికి ఎవరో సైకిలు మీద క్యాంపుకు వెళ్లి, ఇతను మనవాడే అని కబురు తెచ్చాక వదిలారు. మనవాడే అన్న ఆ మాట విని మా వారు నేల చూపులు చూశారు.

ఎద్దులకు నీళ్లు పెట్టాలని సైదయ్య బండిని గుట్ట కిందికి తోలాడు. జంగమ్మ గుడిసె అక్కడే. చలికి వణుకుతున్న నన్ను చూసి ఆమె లోపలికి రమ్మంది, పొయ్యి ముందు కూర్చోబెట్టి, వేడి వేడి జొన్న గట్క మీద మజ్జిగ పోసి ఇచ్చింది. మా వారు బయట బండి దగ్గరే ఉండిపోయారు. ఆమె తనంతట తానే చెప్పుకొచ్చింది. ఒక్కడే కొడుకు, మల్సూర్. ఇరవై రెండేళ్లు. దళంతో తిరిగాడు. బతుకమ్మ పండుగ ముందు వచ్చి అన్నం తిని వెళ్లాడు, మళ్లీ జాడ లేదు. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలి కనుబొమ్మ మధ్యకు చీలింది, అక్కడ వెంట్రుక మొలవదు అంది.

నా చేతిలో గిన్నె చల్లారిపోయింది. చీలిన కనుబొమ్మ నేను చూశాను. నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం, హైపో నీళ్లలో, నా వేళ్ల కింద. కాగితం మీద గీత పడిందేమోనని మొదట దాన్ని గోటితో గీకాను కూడా. గీత కాదు, మచ్చ.

బండి కదిలాక మా వారితో మెల్లగా చెప్పాను. ఆయన ముందు వినబడనట్టే ఉన్నారు. తర్వాత, కనుబొమ్మ చీలినోళ్లు శానమంది ఉంటరు, ఊకో అన్నారు. ఆమెకు చెబితే క్యాంపుకు తెలుస్తుంది, క్యాంపుకు తెలిస్తే ఆమె గుడిసె ఉండదు, మనమూ ఉండం అన్నారు. అదంతా నాకు తెలియక కాదు. కానీ మూడు నెలలుగా ఎదురుచూస్తున్న మనిషి చేతి గట్క తాగి వచ్చినదాన్ని నేను. ఆ రోజు నుంచి పది రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయనకు చీకటి గదిలో ఏదైనా కావాలంటే తలుపు మీద వేలితో కొట్టేవారు. నేను ఇచ్చేదాన్ని.

నెలాఖరుకు ఇంకా ఐదు రోజులుందనగా మూడోసారి వెళ్లాం. ఈసారి కొత్త ఆఫీసరు సంతకంతో చీటీ తెచ్చుకున్నాం. ఎవరూ ఆపలేదు. మంచు లేదు. ఆరింటికల్లా పైకి చేరి, ఆయన స్టాండు బండల మధ్య బిగించి, నల్లగుడ్డ కిందికి దూరి అద్దంలో చూసుకుంటున్నారు. చాలా రోజులకు ఆయన గొంతులో కాస్త ఉత్సాహం వినిపించింది. ఆ మొద్దు చెట్టు ఎడమకు రావాలి, ఆ పొలాల గట్లు కిందికి రావాలి అని తనలో తనే చెప్పుకుంటున్నారు. ప్లేటు చట్రం నా చేతిలో ఉంది. అడగ్గానే అందించాలి. పొద్దు అంచు కనబడిన తర్వాత నాలుగైదు నిమిషాలే, ఆ తర్వాత వెలుతురు తెల్లబడిపోతుంది.

జంగమ్మ మా వెనకే ఎక్కి వచ్చింది. మేమేం చేస్తామో చూడాలనుకుందట. నా పక్కన బండ మీద కూర్చుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని, తూర్పుకే చూస్తోంది. కాసేపటికి, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అంది.

“మొన్న ఎరుకలామెను అడిగిన. వస్తడు, ఉగాదికి వస్తడు అన్నది. వస్తడంటవా బిడ్డా?”

తూర్పు అంచు ఎర్రబడింది. నేను ఔననీ అనలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. ఇక నాకు ఓపిక లేదు. ఆమె దగ్గర వంగి చెప్పేశాను.

“అవ్వా, మీ అబ్బాయి ఫోటో మా ఇంట్లో ఉంది.”

ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఏ ఫోటో అని అడగలేదు. ముసలి చెయ్యి అయినా పట్టు ఇనుములా ఉంది.

“ప్లేటు,” అన్నారు మా వారు గుడ్డ కింద నుంచి.

నేను చెయ్యి లాక్కోలేదు. చట్రం ఆ చేతిలోనే ఉంది.

“కస్తూరీ, ప్లేటు ఇయ్యి.”

సూర్యుడు పూర్తిగా పైకి వచ్చేశాడు. ఆమె నన్ను పట్టుకుని అలాగే ఉంది, నేను అలాగే ఉన్నాను. ఆయన గుడ్డ తొలగించి బయటికి వచ్చి చూశారు. మా ఇద్దర్నీ చూసి, ఏమైందో ఆయనకు అర్థమైంది. వెనక్కి తిరిగి ఒకసారి తూర్పుకు చూశారు. అప్పటికే పొలాలన్నీ తెల్లగా మామూలుగా అయిపోయాయి. స్టాండు మరలు విప్పడం మొదలుపెట్టారు. ఒక మర పట్టేసి రాకపోతే దాన్ని పళ్లతో తిప్పారు.

దారి పొడుగునా తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. నాకు ఆయన మీదా కోపమే, నా మీదా కోపమే. మళ్లీ చీటీ రాయించుకుని, ఎక్కి, తీసి పంపేసరికి గడువు దాటిపోతుంది, బెజవాడ ఇక లేదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఆయన బజారుకు వెళ్లిన తర్వాత మంచం కింది పెట్టె లాగాను. ముప్ఫై దాకా ఉన్నాయి ప్లేట్లు. ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశాను. ప్లేటులో అన్నీ తలకిందులు, నలుపు తెలుపు, తెలుపు నలుపు. అయినా ఆ కనుబొమ్మ దొరికింది. పెరట్లో ఎండలో ఫ్రేము పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. కాగితం మీదికి మొహం మెల్లమెల్లగా వచ్చింది. నుదురు, బుగ్గ, కొంచెం తెరిచిన నోరు. తీసి హైపోలో వేశాను, తర్వాత మంచినీళ్ల తొట్లోకి మార్చాను. వెనక చెప్పుల చప్పుడైంది.

ఆయన వచ్చి తొట్టి మీదికి వంగి చూశారు. చించేస్తారని కాగితాన్ని నా వైపు లాక్కున్నాను.

“ఇంకాసేపు కడుగు,” అన్నారు. “లేకుంటె నెల తిరగకముందే పచ్చవడ్తది.”

అని, బిందె తీసుకుని బావి దగ్గరికి వెళ్లి, నీళ్లు తోడుకొచ్చి తొట్లో పోశారు. నాలుగుసార్లు తెచ్చి పోశారు.

ఫోటోను చీరె కొంగులో కట్టుకుని నేనొక్కదాన్నే సైదయ్య బండిలో చివ్వెంలకు వెళ్లాను. జంగమ్మ గుడిసె బయట వెలుతురులోకి వచ్చి, ఫోటోను రెండు చేతులతో పట్టుకుని చూసింది. చూసీ చూసీ తల అడ్డంగా ఊపింది.

“ఈడు నా కొడుకు గాదమ్మ. మావోనికి కుడి బొమ్మ. ఇతనికి ఎడమ బొమ్మ.”

పది రోజుల మౌనం, పోయిన సూర్యోదయం, పోయిన బెజవాడ, అన్నీ ఈ ఎడమ కనుబొమ్మ కోసమా? భయపడి అబద్ధం చెబుతోందా అని కూడా అనిపించింది. భయపడకు అవ్వా, నేనెవరికీ చెప్పను అన్నాను. ఆమె నా వైపు చూడలేదు, ఫోటోనే చూస్తోంది. తిరిగి ఇమ్మని చెయ్యి చాపితే ఇవ్వలేదు.

“ఉండనియ్యి. ఎవలో తల్లి ఎతుకుతుంటది. మా సుట్టాల ఊర్లల్ల సూపిస్త.”

వద్దనాల్సింది. అలసిపోయి ఉన్నాను, విసిగిపోయి ఉన్నాను, వద్దనలేదు.

ఫోటో ఊరు మారింది. ఆడవాళ్ల కొంగుల్లో, ధాన్యం గుమ్ముల్లో దాచుకుంటూ ఒకరి నుంచి ఒకరికి పోయిందట. ఫిబ్రవరి నడుమ ఎక్కడో ఒక ఊళ్లో సోదా జరిగినప్పుడు క్యాంపువాళ్ల చేతికి దొరికింది. కాగితం చూడగానే ఎవరి స్టూడియోదో వాళ్లకు తెలిసింది. అంత పెద్ద పేటలో ఆ కాగితం వాడేది మేమే.

జీపు వచ్చినప్పుడు ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నారు. లేచి చెయ్యి కడుక్కుని వెళ్లారు. కెమెరా, స్టాండు, మందు సీసాలు, మంచం కింది పెట్టె అన్నీ జీపులో వేసుకున్నారు. ఫోటో ఎవరు తయారుచేశారని అడిగితే నేనేనన్నారట. మర్నాడు నేను క్యాంపుకు వెళ్లాను. ఆ జమేదారే ఉన్నాడు. అది చేసింది నేను, మా వారు కాదు అని నాకొచ్చిన ఉర్దూలో చెప్పాను. అతను పక్కవాడితో అన్నాడు, కోమటింటి ఆడది ఫోటోలు చేస్తుందా, మొగుణ్ణి విడిపించుకోవడానికి కథలు చెబుతోంది అని. నా గోళ్లు చూపించాను. ఏ మందు ముందు, ఏ మందు తర్వాత, ఎంతసేపు ఉంచాలి, అంతా చెప్పాను. అతను చాయ్ తాగుతూ విన్నాడు. విని, ఇంటికి పోయి వంట చేసుకోమన్నాడు. నేరం చేశానని నేనే వచ్చి చెబుతుంటే నమ్మేవాడు లేడు. గేటు బయట చింతచెట్టు కింద సాయంత్రం దాకా నిలబడి, తిరిగి వచ్చేశాను. అలా ఆరు రోజులు వెళ్లాను.

తొమ్మిదో రోజు మిర్యాలగూడ నుంచి బావగారు వచ్చి, ఎవరెవరినో పట్టుకుని, పూచీ రాసిచ్చి ఆయన్ను బయటికి తెచ్చారు. తమ్ముడు ఇక కెమెరా ముట్టడు, నా మిల్లులోనే నా కళ్లముందు ఉంటాడు అని రాసిచ్చారట. ఆయన ఎడమచేతి రెండు వేళ్లు వాచి ఉన్నాయి. ఏం జరిగిందని నేను అడగలేదు. అడిగితే చెప్పరని తెలుసు. రెండు రోజుల్లో స్టూడియో తాళం వేసి, తెరను మడిచి, మిర్యాలగూడ వెళ్లిపోయాం.

మిల్లు వెనక రెండు గదులు మాకిచ్చారు. తెల్లవారకముందే మిల్లు మొదలయ్యేది. తవుడు ధూళి నీళ్లలో, పక్కబట్టల్లో, జుట్టులో. మా వారు వడ్ల బస్తాల దగ్గర నిలబడి తేమ చూసేవారు, గుప్పెట్లో గింజలు నలిపి ఒకటి కొరికి చెప్పేవారు. ఆ పని ఆయనకు బాగానే వచ్చు. ఉగాదికి మా మేనమామ ఆ క్యాలెండరు తెచ్చిపెట్టాడు. ప్రెస్సువాళ్లకు ఫోటో ఎక్కడా దొరక్క మళ్లీ బొమ్మే గీయించారు. సముద్రం, రెండు కొబ్బరిచెట్లు, నారింజపండు లాంటి సూర్యుడు. తోటికోడలు ముచ్చటపడి దాన్ని మిల్లు ఆఫీసు గదిలో తగిలించింది. నేను ఆ గదిలోకి వెళ్లడం మానేశాను.

ఆ వేసవి మొదట్లోనే వడ్ల బండి తోలుకొచ్చిన సైదయ్య, మల్సూర్ బతికే ఉన్నాడని చెప్పాడు. ఎక్కడో దూరపు జైల్లో ఉన్నాడని జంగమ్మకు కార్డు వచ్చిందట. అంటే ఆమె ఆ రోజు నిజమే చెప్పింది. సంతోషించాల్సిన మాటే. రోజంతా ఎవరిమీదో తెలియని కోపంతో తిరిగాను.

మరి నాలుగు రోజులకు, మిట్టమధ్యాహ్నం, ఒకామె మిల్లు వాకిట్లోకి వచ్చి నిలబడింది. కాళ్ల నిండా దుమ్ము. పేరు ముత్తమ్మ, హాలియా అవతలి ఊరు. ముందు సూర్యాపేటకు పోయి, అక్కడ తాళం చూసి, వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ ఇక్కడికి వచ్చిందట. ఫోటో తీసిన సేటు కావాలంది. బావగారు గద్దె మీద నుంచే, అట్లాంటివారు ఎవరూ లేరు పొమ్మన్నారు. మా వారు బస్తాల దగ్గర నుంచి విని, చేతులు దులుపుకుంటూ వచ్చారు.

“నేనే,” అన్నారు.

ఆమె కొడుకు పేరు పెద్దులు. ఫోటో వాళ్ల ఊరికి రాకముందే క్యాంపువాళ్లకు దొరికిపోయింది. చూసినవాళ్లు చెబితే విన్నదే తప్ప తను చూడలేదు. మా దగ్గర ఇంకొకటి ఉంటుందేమోనని వచ్చింది. లేదు, ప్లేటు కూడా తీసుకుపోయారు అని నేను చెప్పాను. ఆమె అక్కడే నేల మీద కూలబడింది. మా వారి వైపు చూసింది.

“నువ్వు సూసినవ్ గద సేటు. ఎట్లుండెనో జర జెప్పు.”

ఆయన ఆమె ఎదురుగా కూర్చున్నారు. నాలుగేళ్ల కాపురంలో ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను వినలేదు. నుదురు దగ్గర నుంచి మొదలుపెట్టారు. వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి ఉన్నాయని, ఎడమ కనుబొమ్మ చీలి ఉందని, ముందు పన్ను మూల కొంచెం విరిగి ఉందని, మీసం ఇంకా సరిగ్గా రాలేదని, మెడలో నల్లదారం, దానికి రాగి బిళ్ల అని చెప్పారు. రాగి బిళ్ల అనగానే ఆమె కళ్లు మూసుకుంది. ఆ ఒక్కటీ కాగితం మీదికి రాలేదు, ఫోటోలో మెడ దాకా లేదు. ఆయన ఆగారు. ఆమె చెప్పు చెప్పు అన్నట్టు చెయ్యి ఆడించింది. దెబ్బ ఛాతీకి తగిలిందని, మొహానికేమీ కాలేదని చెప్పారు. ఎండ పడకుండా గోడ నీడలో పడుకోబెట్టారని చెప్పారు.

“కండ్లు మూసుకునే ఉండెనా?”

“తెరిసే ఉండె. ఫోటో తీసేదాక మూయొద్దన్నరు,” అన్నారు ఆయన. “తీసినంక నేనే మూసిన.”

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. దసరా నుంచి మాఘం దాకా, ఆ జీపులో వెళ్లి వచ్చిన ఏ రోజూ ఆయన ఈ మాట నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆయన్ను అన్ని మాటలు అనేదాన్ని కాదు.

“అందరివా?” అని అడిగాను.

ఆయన నా వైపు తిరగకుండానే తల ఊపారు.

ముత్తమ్మ మోకాళ్ల మీద ముందుకు జరిగి, ఆయన కుడిచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ వేళ్లను ఒక్కొక్కటిగా చూసింది, తన నుదుటికి ఆనించుకుంది. మిల్లులో కూలీలు పని ఆపి చూస్తున్నారు. ఏ కులంవాళ్లను ఎంత దూరంలో నిలబెట్టాలో రోజూ మాకు చెప్పే బావగారు గద్దె మీద నుంచి లేచి నిలబడ్డారు గానీ, ముందుకు అడుగు వేయలేదు.